ప్రజామిత్రుడికి ప్రజలెక్కడ?

పత్రికాధిపతుల జీవిత చరిత్రలన్నీ ఒకే మూసలో పోసినట్టు ఉంటాయి. కథానాయకుడు చేతిలో చిల్లిగవ్వ లేకుండా పట్నం వస్తాడు. రాత్రింబవళ్ళు కష్టపడతాడు. పాఠకుడి నాడి పట్టుకుంటాడు. ప్రతులు వందల నుంచి వేలకూ, వేల నుంచి లక్షలకూ పెరుగుతాయి. చివరి అధ్యాయంలో బిరుదూ, భవంతీ, విగ్రహమూ. ఈ మూసలో ఇమడని పత్రికాధిపతికి చరిత్రకారులు వేసే శిక్ష ఒక్కటే. “పత్రిక సాగలేదు” అని ఒక వాక్యం రాసి పేజీ తిప్పుతారు. చాలాసార్లు ఆ వాక్యం కూడా రాయరు.

దంపూరు నరసయ్య ఆ మూసలో ఇమడని మనిషి. 1849 సెప్టెంబరు 25న పుట్టి, 1909 జూన్ 25న చనిపోయిన ఈ నెల్లూరువాడు మూడు పత్రికలు నడిపాడు. మొదట నెల్లూరులో ‘నెల్లూరు పయొనీర్’. తర్వాత 1881 నుంచి 1897 దాకా మద్రాసులో ‘పీపుల్స్ ఫ్రెండ్’ అనే ఇంగ్లీషు వారపత్రిక. చివరికి 1900లో తెలుగులో ‘ఆంధ్రభాషా గ్రామవర్తమాని’. ఇంగ్లీషు పత్రికను సొంతంగా నడిపిన తొలి తెలుగువాళ్ళలో ఇతడు ఒకడు. పల్లెటూరి పాఠకుణ్ణి ఉద్దేశించి తెలుగు పత్రిక పెట్టిన తొలివాళ్ళలోనూ ఇతడు ఒకడు. ఇంత పని చేసిన వాడి పేరు, కాళిదాసు పురుషోత్తం గారు పూనుకొని గ్రంథం రాసేదాకా, తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. ఒక మనిషిని మరిచిపోవడానికి నూరేళ్ళు పట్టిందంటే అర్థం చేసుకోవచ్చు. గుర్తు చేసుకోవడానికి నూరేళ్ళు పట్టిందంటే ఆలోచించవలసిన విషయమే.

నరసయ్య మెడలో పూలదండ వేయడం నా ఉద్దేశం కాదు. దండలు వేసినంత మాత్రాన చరిత్ర అర్థం కాదు. నేను చెప్పదలచుకున్నది ఇది: ఒక పత్రిక బతికిందా చచ్చిందా అన్నది సంపాదకుడి తెలివితేటలు ఒక్కటే తేల్చే విషయం కాదు. చదవగలిగినవాళ్ళు ఎందరు, వాళ్ళ చేతిలో డబ్బెంత, కాగితానికీ టైపుకూ పెట్టుబడి ఎక్కడినుంచి వస్తున్నది – ఈ మూడూ కలిసి తేలుస్తాయి. ఈ మూడు ప్రశ్నలూ నరసయ్యకు జీవితమంతా ఎదురయ్యాయి. ఎదురైనప్పుడు అతడు దిక్కు మార్చుకున్నాడు. అతని విలువ ఆ దిక్కు మార్చుకోవడంలో ఉంది.

నరసయ్య మద్రాసులో ‘పీపుల్స్ ఫ్రెండ్’ మొదలుపెట్టిన 1881లోనే, ఇంగ్లండులోని మాంచెస్టరులో జార్జి న్యూన్స్ అనే చిల్లరసామాన్ల వ్యాపారి ‘టిట్-బిట్స్’ అనే వారపత్రిక మొదలుపెట్టాడు. పుస్తకాల నుంచీ ఇతర పత్రికల నుంచీ ఏరిన చిన్న చిన్న ముక్కలు, చమత్కారాలు, వింతలు అందులో సరుకు. వెల ఒక పెన్నీ. పెట్టుబడి కోసం న్యూన్స్ ఒక శాకాహార హోటలు పెట్టి ఆ లాభంతో పత్రిక తీశాడు. పోటీలు పెట్టి ఒక ఇల్లు బహుమతిగా ఇచ్చాడు. రైలు ప్రమాదంలో చనిపోయినవాడి జేబులో ‘టిట్-బిట్స్’ ప్రతి దొరికితే కుటుంబానికి నూరు పౌన్లు ఇస్తానన్నాడు. 1891లో ‘స్ట్రాండ్ మ్యాగజైను’ పెట్టి షెర్లాక్ హోమ్స్ కథలను ఇంటింటికీ చేర్చాడు. 1885 నుంచి పదేళ్ళు పార్లమెంటులో కూర్చున్నాడు. 1895లో ‘సర్’ అయ్యాడు. విక్టోరియా యుగపు పత్రికాధిపతి అనగానే ఇంగ్లీషు విమర్శకుడికి మొదట గుర్తుకొచ్చే పేర్లలో ఇతడిదొకటి.

ఇద్దరూ ఒకే రాణి ప్రజలు. ఒకే ఏడాది పత్రికలు పెట్టారు. నరసయ్య పోయిన ఏడాదికి, 1910లో, న్యూన్స్ పోయాడు. ఒకడు లక్షల ప్రతులు అమ్మాడు. రెండోవాడి పత్రిక పదహారేళ్ళకు ఆగింది. మార్కెట్టును దేవుడిగా కొలిచేవాళ్ళు ఇక్కడ వెంటనే తీర్పు చెబుతారు: న్యూన్స్‌కు పాఠకుడి నాడి తెలుసు, నరసయ్యకు తెలియదు.

ఎంత తేలికైన తీర్పు! న్యూన్స్ పట్టుకున్న ఆ పాఠకుణ్ణి ఎవరు పుట్టించారో అడగరేం? ఇంగ్లండులో పత్రికల మీద స్టాంపు పన్ను 1855లో పోయింది. కాగితం మీద పన్ను 1861లో పోయింది. 1870లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. ఆ బడుల్లో అక్షరాలు దిద్దిన పిల్లలు 1881 నాటికి ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో, గుమాస్తా బల్లల దగ్గర కూలీ తెచ్చుకునే యువకులయ్యారు. రోజూ రైలెక్కి పనికి పోతున్నారు. రైల్వే స్టేషనులో పత్రికల దుకాణం ఉంది. జేబులో ఒక పెన్నీ ఉంది. దారిలో అరగంట తీరిక ఉంది. న్యూన్స్ తెలివైనవాడే, కాదనను. కాని చట్టాలూ, బడులూ, రైళ్ళూ దున్ని సిద్ధం చేసిన పొలంలో అతడు విత్తనం చల్లాడు.

నరసయ్య పొలం ఎలాంటిది? 1901 జనాభా లెక్కల ప్రకారం హిందూదేశంలో చదవను రాయను వచ్చినవాళ్ళు నూటికి ఆరుగురు కూడా లేరు. ఆడవాళ్ళలో నూటికి ఒక్కరు కూడా లేరు. ఇది ఏదో ఒక భాషలో అక్షరాలు వచ్చినవాళ్ళ లెక్క. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు అందులో పిడికెడు.

ఇక నెల్లూరు తీరం. 1876–78 కరువు మద్రాసు రాజధానిలో లక్షల ప్రాణాలు తీసింది. కరువు పనుల్లో ఒళ్ళు విరుచుకునే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. ఆ కరువు పనుల్లోనే తీరంవెంట పోయే కాలవలను కలిపి పొడిగించారు. తవ్విన కూలీల పేరు దానికి పెట్టలేదు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. సముద్రానికి పక్కపక్కనే పోయే ఆ కాలవ మీద ఉప్పూ, కట్టెలూ, ధాన్యమూ పడవలకెక్కి మద్రాసు చేరేవి. ఆ ఉప్పును తీరంలోనే పండించినవాడు కూడా దాని మీద పన్ను కట్టి కొనుక్కోవాలి. 1888లో సర్కారు ఆ పన్నును మణుగుకు రెండు రూపాయల నుంచి రెండున్నరకు పెంచింది. మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా బెజవాడకు రైలు దారి కలిసింది 1899లో. అంటే సరుకు మద్రాసుకు పోవడానికి దారి ముందు పడింది. సమాచారం పల్లెకు రావడానికి దారి పడనేలేదు. వలవేసే పట్టపువాడికీ, ఉప్పుకొటారులో కూలికీ, పెన్న కాలవ కింద కౌలు రైతుకూ బడి లేదు, అక్షరం లేదు, అణా మిగులు లేదు. ఇలాంటి చోట పుట్టినవాడు పత్రిక పెట్టి లక్షల ప్రతులు అమ్మలేదని తప్పు పట్టడం, ఎడారిలో వరి ఎందుకు పండించలేదని రైతును నిలదీయడం వంటిది.

అయితే నరసయ్యను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. దాన్ని దాటవేస్తే మనం విమర్శకులం కాము, వందిమాగధులం అవుతాము. పత్రిక పేరు ‘పీపుల్స్ ఫ్రెండ్’, ప్రజామిత్రుడు. భాష ఇంగ్లీషు. తనతో మాట్లాడలేని ప్రజలకు మిత్రుడెలా అవుతాడు?

దీనికి అతని మొదటి అడుగులోనే సగం సమాధానం ఉంది. 1867లో, పద్దెనిమిదేళ్ళు నిండీ నిండకముందే, అతడు హిందూ వివాహాల మీద ఇంగ్లీషులో లేఖలు పుస్తకంగా అచ్చువేశాడు. వీరేశలింగం ‘వివేకవర్ధని’ 1874లో వచ్చింది. రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న జరిగింది. నరసయ్య పుస్తకం పత్రిక కంటే ఏడేళ్ళు, పెళ్ళి కంటే పద్నాలుగేళ్ళు ముందు. వివాహ వ్యవస్థను గురించి మాట్లాడిన ఆ కుర్రవాడు, ఏ వితంతువుకూ రాని భాషలో మాట్లాడాడు. ఆనాటి సంస్కర్తలందరి చిక్కూ ఇదే. ప్రజల బాధను గురించి ప్రజలకు కాక, పైవాళ్ళకు చెప్పడం. సర్కారు వింటుందని, చదువుకున్న పెద్దలు వింటారని ఆశ.

వాళ్ళు ఏపాటి విన్నారో మద్రాసు పత్రికల చరిత్రే చెబుతుంది. 1878లో జి. సుబ్రహ్మణ్య అయ్యర్, మిత్రులు ‘హిందూ’ పెట్టినప్పుడు అప్పు తెచ్చిన రూపాయి పన్నెండు అణాలతో 80 ప్రతులు వేశారు. ప్లీడర్లూ ఉద్యోగులూ ఆ పత్రికను ఆదరించారు. పదకొండేళ్ళలో అది దినపత్రిక అయింది. కాని అదే 1889లో సుబ్రహ్మణ్య అయ్యర్ బాలవితంతువైన తన కూతురికి మళ్ళీ పెళ్ళి చేసినప్పుడు, ఆ చదువుకున్న పెద్దల్లోనే ఎందరో ఆయన ఇంటి గడప తొక్కలేదు. 1898లో ఆయన ‘హిందూ’ వదిలిపెట్టి, తాను పెట్టిన తమిళ పత్రిక ‘స్వదేశమిత్రన్’ కు మళ్ళాడు. 1905లో ‘హిందూ’ డెబ్బై అయిదు వేల రూపాయలకు చేతులు మారింది. ఇంగ్లీషు చదివిన పాఠకవర్గానికి సర్కారు మీద విమర్శ రుచిస్తుంది. తన వంటింటి మీద విమర్శ రుచించదు. అటువంటి వర్గమే చందాదార్లయిన చోట, సంఘసంస్కారంతో బయలుదేరిన పత్రిక నేలవిడిచి సాము చేయవలసిందే.

‘పీపుల్స్ ఫ్రెండ్’ పదహారేళ్ళు ఆ సాము చేసింది. చిన్న కాలం కాదది. దాని వెనక శాకాహార హోటలు లేదు. అమృతాంజనం డబ్బా లేదు. ఆ మాట ఎందుకంటున్నానంటే, కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనం పెట్టి, ఆ లాభం వల్లనే 1908లో ‘ఆంధ్రపత్రిక’ పెట్టి నిలబెట్టగలిగాడు. ఆయన త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. తెలుగు పత్రిక తెలుగు చందాదారు మీద నిలబడలేకపోయింది, తలనొప్పి మందు మీద నిలబడింది అన్న నిజాన్ని గుర్తు చేస్తున్నాను.

1897లో ‘పీపుల్స్ ఫ్రెండ్’ ఆగింది. ఆ ఏడాది విక్టోరియా రాణికి వజ్రోత్సవం. ఊరూరా దీపాలు, బాణాసంచా, రాజభక్తి పద్యాలు. ఆ ఏడాదే బాలగంగాధర తిలక్‌ను పత్రికలో రాసిన రాతలకు పద్దెనిమిది నెలలు జైలుకు పంపారు. పత్రికలవాళ్ళకు ఆనాడు రెండు దారులు కనిపించాయి: ఉత్సవ పద్యాల దారి, జైలు దారి. నరసయ్య ఈ రెండూ కాని మూడోదారి పట్టాడు. మూడేళ్ళ తర్వాత అతడు తెలుగులో, గ్రామం పేరు మీద పత్రికతో కనిపిస్తాడు.

‘ఆంధ్రభాషా గ్రామవర్తమాని’. ఆ పేరును ఒక్కొక్క మాటగా చదవండి. ఆంధ్రభాష, అంటే ఇంగ్లీషు కాదు. గ్రామం, అంటే రాజధాని కాదు. వర్తమానం, అంటే పురాణం కాదు. ప్రజామిత్రుణ్ణని చెప్పుకున్న పత్రికకు ఇంతకంటే కఠినమైన ఆత్మవిమర్శ ఏముంటుంది? వ్యాసం రాసి చెప్పే ఆత్మవిమర్శ కాదది. యాభై ఏళ్ళ వయసులో, పదహారేళ్ళ పనిని పక్కన పెట్టి, మళ్ళీ మొదటి సంచిక మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం. పల్లెలో నలుగురికి అక్షరాలు వస్తాయి. కరణమో, బడిపంతులో అరుగు మీద కూర్చుని పైకి చదివితే నలభైమంది వింటారు. చందాల లెక్కలో అది ఒక ప్రతి. సమాజం లెక్కలో నలభై ప్రతులు. ఈ రెండో లెక్క న్యూన్స్‌కు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. నూటికి తొంభై నాలుగుమంది నిరక్షరులుగా ఉన్న దేశంలో పత్రిక పెట్టేవాడికి అది తెలిసితీరాలి.

పోల్చి చూడండి. న్యూన్స్ మాంచెస్టరు నుంచి లండనుకు పోయాడు. పెన్నీ పత్రిక నుంచి ఆరు పెన్నీల పత్రికకు పోయాడు. గుమాస్తా పాఠకుడి నుంచి డ్రాయింగురూము పాఠకుడికి పోయాడు. అతని ‘టిట్-బిట్స్’ లో రాతలు నేర్చిన హార్మ్స్‌వర్త్ 1896లో ‘డెయిలీ మెయిల్’ పెట్టి, బోయర్ యుద్ధంలో సామ్రాజ్యోన్మాదాన్ని అర పెన్నీకి అమ్మాడు. అక్కడ చదువు నేర్చిన కార్మికుడి అక్షరాన్ని అతని మీదికే తిప్పారు. నరసయ్య ప్రయాణం దీనికి సరిగ్గా ఎదురు. రాజధాని నుంచి పల్లెకు, దొరల భాష నుంచి తల్లిభాషకు. మెట్లెక్కినవాడి కథ ‘విజయం’, మెట్లు దిగి జనంలోకి వచ్చినవాడి కథ ‘వైఫల్యం’ అయితే, ఆ నిఘంటువు ఎవరు రాశారో వేరే చెప్పాలా?

మన సాహిత్య చరిత్ర కూడా ఆ నిఘంటువే వాడుతున్నది. అదే నెల్లూరులో పూండ్ల రామకృష్ణయ్య 1885లో ‘అముద్రిత గ్రంథ చింతామణి’ పెట్టి, 1904లో చనిపోయేదాకా నడిపాడు. తాటాకుల్లో చెదలు తింటున్న కావ్యాలను అచ్చుకెక్కించాడు. అది చిన్న ఉపకారం కాదు. అభ్యుదయవాదులం కాబట్టి ప్రాచీన కావ్యాలు మనకు అక్కరలేదనేంత మూఢులం కాము. కాని ఆ పత్రికలో పండితులు పండితుల తప్పులు పట్టిన వివాదాలకు మన సాహిత్య చరిత్రల్లో పేజీలు దొరికాయి. అదే సీమలో అదే కాలంలో పల్లెకోసం పుట్టిన పత్రికకు పేరాగ్రాఫు దొరకలేదు. ఎందుకు? సాహిత్య చరిత్ర రాసినవాళ్ళు పండితుల శిష్యులు. వాళ్ళ దృష్టిలో గ్రంథం సాహిత్యం, వర్తమానం కాదు. ఛందస్సులో యతి తప్పితే నేరం, ఉప్పు మీద పన్ను పెరిగితే అది సాహిత్యానికి సంబంధించని సంగతి! గతాన్ని అచ్చువేసినవాణ్ణి గుర్తుంచుకొని, వర్తమానాన్ని అచ్చువేసినవాణ్ణి మరిచిపోయిన చరిత్రను మనం పాఠ్యపుస్తకాలుగా ఇంకా చదువుతున్నాం, చదివిస్తున్నాం.

మనవాళ్ళలోనే కొందరు మరో వైపు నుంచి అభ్యంతరం చెబుతారు. నరసయ్య విప్లవకారుడు కాదు కదా, బ్రిటిషు పాలనలో సంస్కరణ కోరిన మధ్యతరగతి ఉదారవాది కదా, అతడితో మనకేం పని, అని. నిజమే, విప్లవకారుడు కాదు. 1881లో పత్రిక పెట్టినవాడి దగ్గర 1917ను వెతకడం చారిత్రక దృష్టి కాదు, పంచాంగం తెలియకపోవడం. చూడవలసింది అతడు ఎక్కడ నిలబడ్డాడని మాత్రమే కాదు, ఎటు నడిచాడని. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ లో రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు పోయినా, 1920ల చివర వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటం నుంచి నెల్లూరు వెంకటరామానాయుడు ‘జమీన్ రైతు’ పత్రికను నిలబెట్టినా, తెలుగులో, జనంలో, వర్తమానం మీద పత్రిక నడవాలన్న దారిలోనే నడిచారు. ఆ దారి మీద ముందు పడిన అడుగుల్లో నరసయ్యదొకటి. ‘జమీన్ రైతు’ నిలబడిందంటే దాని వెనక కదిలిన రైతాంగం ఉంది. నరసయ్య వెనక అది లేదు. తేడా సంపాదకుల్లో లేదు, ఉద్యమంలో ఉంది.

ఇదంతా నూరేళ్ళనాటి కథ కదా, ఇప్పుడెందుకంటారా? ఇప్పటి సంగతే చెబుతాను. 2020లో కరోనా వచ్చినప్పుడు ‘ఆంధ్రభూమి’ అచ్చు ఆగింది. ‘నవ్య’ వారపత్రిక ఆగింది. వాటికి పాఠకులు లేక కాదు. ప్రకటనలు లేక. పాఠకుడు పత్రికకు పోషకుడు కాకుండా, ప్రకటనదారుకు అమ్మే సరుకు అయినప్పుడు, ప్రకటన పోయిన రోజున పాఠకుడూ పోతాడు. ఇది న్యూన్స్ నేర్పిన విద్య. ఇక చిన్న పత్రికల సంగతి. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఎత్తివేసింది. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పల్లెకు చేరే దారుల్లో ఒకటి మూసుకుపోయింది. అచ్చుఖర్చుకూ తపాలా ఖర్చుకూ మధ్య నలిగే ప్రతి చిన్న పత్రిక సంపాదకుడూ ఈనాటి నరసయ్యే. రేపు అతని పత్రిక ఆగితే మనం కూడా “సాగలేదు” అని ఒక వాక్యం రాసి పేజీ తిప్పుతాం. మూడేళ్ళుగా చందా కట్టనివాళ్ళం మనమేనని మాత్రం రాయం.

సరైన పాఠకుల చేతికి అక్షరం అందితే ఏమవుతుందో నెల్లూరు జిల్లాయే ఒకసారి చూపించింది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం పల్లెలకు వచ్చింది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న దూబగుంట ఆడవాళ్ళు, వాచకంలో సారా మీద పాఠం చదివి, ఊళ్ళో సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సర్కారు సారాను నిషేధించక తప్పలేదు. ఆ వాచకానికి సంపాదకుడి బొమ్మ లేదు, ప్రకటనలు లేవు, బహుమతి ఇళ్ళు లేవు. తెలుగు ఉంది, గ్రామం ఉంది, వర్తమానం ఉంది. 1900లో ఒక పత్రిక పేరులో ఉన్న మూడు మాటలూ తొంభై ఏళ్ళ తర్వాత ఒక్కచోట కలిశాయి. కలిసినప్పుడు రాజ్యం వెనక్కి తగ్గింది. 1867లో ఇంగ్లీషులో మాట్లాడిన ఆ కుర్రవాడి మాట ఏ ఆడవాళ్ళ చెవిన పడలేదో, వాళ్ళ మనవరాళ్ళే తెలుగులో చదివి సమాధానం చెప్పారు.

ఉపాధ్యాయ మిత్రులారా, విద్యార్థులారా! మీ ఊళ్ళో పాత గ్రంథాలయపు అటక మీద, ఎవరి తాతగారి భోషాణంలోనో, ఆగిపోయిన పత్రికల ప్రతులు ఉంటాయి. చెదలు పట్టకముందే వాటిని దించండి. ఎన్ని ప్రతులు వేసిందని అడగకండి. ఎవరికోసం వేసింది, ఎవరి డబ్బుతో వేసింది, ఎటు నడిచింది అని అడగండి. తర్వాత ఇప్పుడు నడుస్తున్న ఒక పత్రికకు చందా కట్టి, ఆ ప్రతిని చదవలేనివాళ్ళ అరుగు మీద కూర్చుని పైకి చదవండి. ప్రజామిత్రుడికి ప్రజలెక్కడ అన్న ప్రశ్నకు నరసయ్య తన వంతు జవాబు 1900లోనే రాశాడు. మన వంతు ఇంకా మిగిలే ఉంది.